పొలం నుంచి కొట్టుకుపోయే ఎరువును చిత్తడి నేల ఆపగలదా?

ఆపగలదు, కానీ నత్రజనిని ఆపినంత బాగా భాస్వరాన్ని ఆపలేదు. పూడిపోయిన మడుగును బాగుచేసి, పొలాల మురుగునీటిని అందులోకి మళ్లిస్తే నీటి వేగం తగ్గుతుంది. అడుగు బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఎరువులోని నత్రజని ఆక్సిజన్‌తో కలిసి, నీళ్లలో తేలిగ్గా కరిగే నైట్రేట్‌గా వస్తుంది. అక్కడి బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తుంది. గాలిలో ఎలాగూ 78 శాతం అదే, కాబట్టి ఇబ్బంది లేదు. భాస్వరానికి ఆ దారి లేదు. మట్టి రేణువులకు అంటుకుని అడుగున పేరుకుంటుంది, ఒక్కోసారి మళ్లీ నీళ్లలో కలుస్తుంది కూడా.

గుంటూరు పక్కన మిర్చి చేలో యూరియా వేసిన పది రోజులకు పెద్ద వాన పడిందనుకోండి. అప్పటికి యూరియాలో చాలా భాగం నైట్రేట్‌గా మారి ఉంటుంది, వాననీటితో ఇట్టే కొట్టుకుపోతుంది. ఆ నీళ్లు జమ్ము, తుంగ పెరిగిన మడుగులో కొన్ని రోజులు నిలిస్తే నైట్రేట్ బాగా తగ్గుతుంది. గంటల్లో దాటిపోతే పెద్దగా ఉపయోగం లేదు.

మొక్కలే ఎరువంతా పీల్చేస్తాయన్నది చాలామందికి ఉన్న అపోహ. విజయవాడ కాలవల్లో గుర్రపుడెక్కను చూసి నీళ్లు శుభ్రమవుతున్నాయనుకోవడమూ అంతే. దాన్ని బయటకు తీసి పారేయకపోతే అక్కడే కుళ్లి, పీల్చిందాంట్లో చాలావరకు తిరిగి నీళ్లలోనే కలిపేస్తుంది.