పేకముక్కలతో నోటి లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాకు పన్నెండేళ్ళ అబ్బాయి, ఎనిమిదేళ్ళ అమ్మాయి ఉన్నారు. ఇద్దరికీ నోటి లెక్కలు అలవాటు చేయాలని పేకముక్కలతో కూడికల పోటీ పెట్టాము. రెండు ముక్కలు తిప్పి, మొత్తం ముందుగా చెప్పినవారికి ఆ ముక్కలు ఇస్తున్నాము. ప్రతిసారీ అబ్బాయే గెలుస్తున్నాడు. అమ్మాయి ఇప్పుడు కట్ట తీస్తేనే లేచి వెళ్ళిపోతోంది. ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోదగిన, లెక్క కూడా సాధన అయ్యే ఆట ఏదైనా చెప్పగలరా?

జవాబు: మీరు పెట్టిన పోటీలో ఆట పాలు తక్కువ, పరీక్ష పాలు ఎక్కువ. లెక్క ఎవరు ముందు చెబితే వారిదే గెలుపు అన్నప్పుడు, నాలుగేళ్ళు ఎక్కువ చదివినవాడు గెలవడం తప్ప అందులో జరగడానికి ఇంకేమీ లేదు. ఆ సంగతి మీ అమ్మాయికి మీకన్నా ముందే అర్థమైంది. కుటుంబమంతా ఆడే ఆటలో వంతు ఉండాలి, చేతిలో దాచుకున్న ముక్కలు ఉండాలి, లెక్క చేసిన తరువాత ‘ఇప్పుడు ఏది వేయాలి’ అన్న నిర్ణయం ఆడేవారికి మిగలాలి. ఈ మూడూ ఉన్న ఆట ‘తొంభై తొమ్మిది’. దీనిని ఒక్కొక్కరు ఒక్కో విధంగా ఆడుతారు కనుక, పిల్లలకు సులువుగా గుర్తుండే ఒక రూపాన్ని ఇక్కడ ఇస్తున్నాను.

యాభై రెండు ముక్కల కట్టను బాగా కలిపి తలా మూడు ముక్కలు పంచండి. మిగిలిన కట్టను బోర్లించి మధ్యలో పెట్టండి. ప్రతి ఒక్కరి ముందు మూడేసి గింజలు ఉంచండి. మొత్తం సున్నాతో మొదలవుతుంది. తన వంతు వచ్చినవారు ఒక ముక్క వేసి, దాని విలువను అప్పటి మొత్తానికి కలిపి, కొత్త మొత్తాన్ని పైకి చెప్పి, కట్టలోనుంచి మరో ముక్క తీసుకుంటారు. ఆసును ఒకటిగానో పదకొండుగానో వేసినవారి ఇష్టాన్ని బట్టి లెక్కించవచ్చు. జాకీకి, రాణికి పదేసి. రెండు, మూడు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది ముక్కలకు వాటి అంకే విలువ. ఇక నాలుగు రకాల ముక్కలు ప్రాణరక్షణకు పనికివస్తాయి: నాలుగు వేస్తే మొత్తం మారదు కాని వంతు తిరిగే దిక్కు మారుతుంది, తొమ్మిది వేస్తే ఏమీ మారదు, పది వేస్తే మొత్తంలోనుంచి పది తగ్గుతుంది, రాజు వేస్తే మొత్తం ఎంత ఉన్నా నేరుగా 99కి చేరుతుంది. 99 దాటకుండా ముక్క వేయలేనివారు ఒక గింజ పోగొట్టుకుంటారు. అప్పుడు ముక్కలన్నీ తిరిగి కలిపి పంచుకోవాలి. గింజలన్నీ పోయినవారు పక్కకు తప్పుకుంటారు. చివరివరకు గింజ మిగిలినవారిదే ఆట.

ఇందులో పైకి వినిపించేది కూడికే అయినా, లోలోపల నడిచేది తీసివేత. మొత్తం 87 దగ్గర ఉండగా మీ అమ్మాయి చేతిలో రాణి, ఏడు, పది ఉన్నాయనుకోండి. పది వేస్తే మొత్తం 77కి దిగి అందరికీ ఊపిరాడుతుంది. ఏడు వేస్తే 94. రాణి వేస్తే 97. తొంభై ఏడు దగ్గర ఆగితే తరువాతి వారికి రెండు మాత్రమే మిగులుతుంది కనుక, వారి చేతిలో ఆసు, రెండు, లేదా పైన చెప్పిన రక్షణ ముక్కల్లో ఒకటి లేకపోతే గింజ పోయినట్లే. పైగా వంతు తిరిగి తన దగ్గరకు వచ్చేసరికి పది చేతిలోనే ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఈ ఆలోచన చేయడానికి 99లోనుంచి మూడు సంఖ్యలను తీసివేసి చూసుకోవాలి, ఎవరూ ఆ లెక్కలు చేయమని అడగకుండానే చేస్తుంది కూడా. వేగానికి ఇక్కడ ఏ బహుమతీ లేదు. మీ అబ్బాయి ఎంత చురుకైనవాడైనా తన వంతు వచ్చేదాకా ఆగవలసిందే, చేతికి మంచి ముక్క రాకపోతే ఓడిపోవలసిందే. పంపకంలోని అదృష్టం పెద్దల ఆటకు లోపం కావచ్చునేమో కాని, ఇంటి ఆటకు అదే ప్రాణం.

మొత్తం తప్పు చెప్పినవారికి శిక్ష పెట్టకండి. విన్నవారెవరైనా సరిదిద్దితే చాలు. ఆ సరిదిద్దే హక్కు మీ అమ్మాయికి ఉందని తెలిసిన మరుక్షణం నుంచి ఆమె అందరి కూడికలనూ కాపలా కాస్తుంది. అప్పటికీ తేడా ఎక్కువగా కనిపిస్తే అబ్బాయి రెండు గింజలతోనే మొదలుపెట్టవచ్చు. మొత్తం పదికన్నా తక్కువ ఉన్నప్పుడు పది వేస్తే సున్నా దగ్గర ఆగాలా, ఇంకా కిందికి పోవాలా అన్నది ముందే అనుకోవాలి. పెద్దవాడికి రుణ సంఖ్యలు పరిచయమై ఉంటే నా ఓటు రెండవ దానికే.

ఇలా మొత్తం పెంచుకుంటూ పోయే పద్ధతి చాలా పాతది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో రూపుదిద్దుకున్న క్రిబేజ్ ఆటలో, ముక్కలు వేస్తూ 31 దాటకుండా లెక్కపెడతారు. ముక్కలు కలిసి 15 అయితే రెండు పాయింట్లు వస్తాయి. రుచి మరిగాక మీ ఇంట్లో దానిని కూడా ప్రయత్నించవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. కూడికలు, తీసివేతలు ఆమెకు విసుగు. కాస్త బుర్రకు పని పెట్టే ఆట ఉందా?

జవాబు: ‘ఇరవై నాలుగు’ ఆడించండి. బొమ్మ ముక్కలు తీసివేసి, ఆసు నుంచి పది వరకు ఉన్న నలభై ముక్కలతో ఆడాలి. నాలుగు ముక్కలు తిప్పి, ఆ నాలుగు సంఖ్యలను ఒక్కొక్కసారి మాత్రమే వాడుతూ, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలతో 24 తేవాలి. 2, 3, 5, 7 పడితే మూడు ఏళ్ళు ఇరవై ఒకటి, దానికి అయిదు కలిపి రెండు తీసివేస్తే సరి. ఆ సంఖ్యనే ఎంచుకోవడానికి కారణం ఉంది: 24ను 1, 2, 3, 4, 6, 8, 12, 24 అనే ఎనిమిది సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయి కనుక దానిని చేరే దారులు ఎక్కువ. ఆరితేరినవారు ముందుగా మూడు ఎనిమిదులు, నాలుగు ఆరులు, రెండు పన్నెండులు కుదురుతాయేమోనని చూస్తారు. అంటే ఎక్కాన్ని వెనకనుంచి చదవడం నేర్చుకుంటారు.

ఒకటి నుంచి పది వరకు ఉన్న సంఖ్యలతో నాలుగేసి చొప్పున 715 రకాల కలయికలు వస్తాయి. వాటిలో 566కు జవాబు ఉంది, మిగిలినవాటికి లేదు. నాలుగు ఆసులు పడితే ఎంత తలపట్టుకున్నా లాభం లేదు. అందుకని అందరూ చేతులెత్తేస్తే ఆ ముక్కలను కట్టలో కలిపేసి ముందుకు సాగండి. అయితే 3, 3, 8, 8 పడినప్పుడు మాత్రం తొందరపడి వదిలేయకండి. ఎనిమిదిని మూడుతో భాగించి, వచ్చిన భిన్నాన్ని, అంటే రెండు పూర్ణాంకం మూడింట రెండు వంతులను, మిగిలిన మూడులోనుంచి తీసివేస్తే మూడోవంతు మిగులుతుంది. ఎనిమిదిని మూడోవంతుతో భాగిస్తే ఇరవై నాలుగు. ఒకటికన్నా చిన్న భిన్నంతో భాగిస్తే ఫలితం పెరుగుతుందన్న సంగతి ఈ ఒక్క పంపకంతో మనసుకు పట్టినంతగా పాఠ్యపుస్తకంతో పట్టడం అరుదు.

మొదటి ప్రశ్నలోని కూడికల పోటీలాగే ఇది కూడా వేగం మీద నడిచే ఆటే కనుక, వయసుల్లో తేడా ఉన్నవారు ఆడేటప్పుడు జవాబు దొరికినవారు నోరు విప్పకుండా చేయి మాత్రం ఎత్తి, మిగిలినవారికి నిమిషం గడువు ఇవ్వడం మంచిది.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్ళు. ఒక్కడే కూర్చుని ఆడుకోగలిగినది కావాలి. పేకముక్కలు ఇవ్వడం మాకు అంతగా ఇష్టం లేదు.

జవాబు: అట్టముక్కల మీద ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు, ఒక్కొక్కటి నాలుగుసార్లు రాసి ఇవ్వండి, మొత్తం ముప్పై ఆరు ముక్కలు అవుతాయి. వాటిని తిప్పి పరచి, రెండు ముక్కలు కలిసి పది అయ్యేటట్లు జతలు తీయమనండి. ఒకటికి తొమ్మిది, రెండుకు ఎనిమిది, మూడుకు ఏడు, నాలుగుకు ఆరు, అయిదుకు అయిదు. సరిగా తీస్తే పద్దెనిమిది జతలు వచ్చి చివరకు ఏమీ మిగలదు. జత కుదరని ముక్కలు మిగిలాయంటే ఎక్కడో తప్పు జరిగిందని వాడికే తెలుస్తుంది, మీరు పక్కన కూర్చుని దిద్దనవసరం లేదు. జతలు తడుముకోకుండా తీస్తున్న రోజున ఆ ముక్కలనే బోర్లించి, ఏది ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుంటూ తీయమనండి.