హైడ్రోజన్ గీతలు ఎవరివి?

ప్రశ్న: హంస మండలంలోని గ్రహ నీహారిక (ముసలి తార వదిలిన వాయు మేఘం) బీడీ+30 3639 వర్ణపటం తీశాను. 6563, 4861 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యపు కొలత) దగ్గర హైడ్రోజన్ గీతలు ధగధగలాడుతున్నాయి. కానీ జాబితాల్లో దీని కేంద్ర తారను హైడ్రోజన్ కరువై, కార్బన్ గీతలు బలంగా ఉండే [డబ్ల్యూసి9] రకంగా రాశారు. పొరపాటు ఎక్కడ? ఆ బ్రాకెట్లు దేనికి?

జవాబు: పొరపాటేమీ లేదు. ఆ గీతలు తారవి కావు, చుట్టూ ఉన్న గ్రహ నీహారికవి. 1893లో ఖగోళ శాస్త్రవేత్త క్యాంప్‌బెల్ గమనించింది కూడా ఈ హైడ్రోజన్ తొడుగునే. అందుకే దీనికి ‘క్యాంప్‌బెల్ హైడ్రోజన్ నక్షత్రం’ అని పేరు పడింది.

తార గీతను, నీహారిక గీతను వేరుచేసేది వెడల్పు. నీహారిక సెకనుకు కొన్ని పదుల కిలోమీటర్ల వేగంతోనే వ్యాకోచిస్తుంది కాబట్టి దాని గీతలు సన్నం. తార గాలి, అంటే తార నుంచి ఎగసివచ్చే వాయు ప్రవాహం, వేగం సెకనుకు దాదాపు 700 కిలోమీటర్లు. అందువల్ల 5696 దగ్గరి కార్బన్ గీత అడుగున సుమారు 25 ఆంగ్‌స్ట్రామ్‌లు పరుచుకుంటుంది. పక్కనే 5755 దగ్గర నీహారికలోని నైట్రోజన్ గీత ఉంటుంది. దాన్నే కొలబద్దగా పెట్టుకుని పోల్చండి.

ఇక రకం. 5696 గీత రెండు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్‌ది, 5801, 5812 జంట మూడు పోయినదానిది. మీ తారలో మొదటిదే బలంగా ఉంటుంది, అంటే గాలి చల్లన, అదే 9. వేడి పెరిగేకొద్దీ జంట పైచేయి సాధిస్తుంది, 4 దగ్గరికి వచ్చేసరికి 5696 దాదాపు మాయమవుతుంది. ఇంకా వేడిగా ఉంటే 3811, 3834 దగ్గర ఆక్సిజన్ గీతలు విజృంభిస్తాయి, అది [డబ్ల్యూఓ]. బలమైన గాలి వీచే భారీ వోల్ఫ్-రాయె తారల వర్ణపటమూ ఇలాగే ఉంటుంది. గ్రహ నీహారికల్లోని ఈ తారలు మాత్రం తక్కువ ద్రవ్యరాశి గల ముసలివని చెప్పడానికే బ్రాకెట్లు.

ఎక్కువమంది దెబ్బతినేది తార వర్ణపటం నుంచి నీహారిక వెలుగును తీసివేసేటప్పుడు. ఈ నీహారిక అడ్డంగా 5 ఆర్క్‌సెకన్లే (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). వాతావరణం చిత్రాన్ని 2, 3 ఆర్క్‌సెకన్ల మేర అలికేస్తే తార, నీహారిక కలిసిపోతాయి. అప్పుడు అతిగా తీసివేస్తే 4861 దగ్గర లేని గుంట పుడుతుంది, దాన్ని తార హైడ్రోజన్ అనుకుంటారు. ఇక్కడ తీసివేత జోలికి వెళ్లకుండా కార్బన్ గీతలనే నమ్మండి. 6563 కెమెరాను నింపేస్తుంది గనుక దానికోసం చిన్న ఎక్స్‌పోజర్ విడిగా తీయండి.

వెలుగు గీతలకు బదులు శోషణ గీతలు (వెలుగు తగ్గిన గుంటలు) ఉన్న కేంద్ర తారల్లో హైడ్రోజన్‌ను పట్టే పద్ధతి వేరు. 4542, 5412 శుద్ధ హీలియం గీతలు, 4859 దగ్గరి హీలియం గీత మాత్రం హైడ్రోజన్ 4861తో కలిసిపోతుంది. ఆ గుంట మిగతా రెండింటి వరస కంటే లోతుగా ఉంటేనే తారలో హైడ్రోజన్ ఉన్నట్టు. నడిమి భాగాన్ని నీహారిక పూడ్చేస్తుంది, కాబట్టి అంచులు చూడండి.

తీసివేత సాధన చేయాలంటే [డబ్ల్యూసి8] తార ఉన్న మరో గ్రహ నీహారిక ఎన్‌జీసీ 40 మేలు. నీహారిక పెద్దది, స్లిట్‌లో (వర్ణపటమాపకంలోకి వెలుగు వెళ్లే సన్నని చీలిక) తారకు ఇరువైపులా నీహారిక విడిగా దొరుకుతుంది.