ప్రకాశం పంతులు ప్లీడరై ఉండి మళ్లీ బారిస్టరు ఎందుకు చదివారు? ఆ చదువు శాసనసభలో పనికొచ్చిందా?

ఆయన మొదట సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ పట్టాతో కింది కోర్టుల్లోనే వాదించాలి. రాజమండ్రిలో గెలిపించిన కేసైనా అప్పీలుకు మద్రాసు హైకోర్టుకు వెళ్తే, కాగితాల కట్ట ఇంకొకరి చేతిలో పెట్టి పక్కన కూర్చోవాల్సిందే. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చారు. బాగా సంపాదిస్తున్న ఆ ప్రాక్టీసును 1921లో వదిలేశారు.

ఇక రెండో ప్రశ్న. పనికొచ్చింది, ముఖ్యంగా జమీందారీల విచారణలో. 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షుడయ్యారు. భూమికి హక్కుదారు రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే, శిస్తు జమీందారీలు ఏర్పరచిన 1802 నాటి స్థాయికి దిగాలి: నివేదిక సారం ఇదీ. నా దృష్టిలో ముఖ్యమంత్రి పదవి కన్నా ఇదే పెద్ద పని. అయితే 1939లో మంత్రివర్గం రాజీనామాతో అది ఆగిపోయింది. వెంకటగిరి వంటి జమీందారీ ఎస్టేట్ల రద్దుకు చట్టం 1948లో గానీ రాలేదు.

అన్నట్టు, ఆయన పుట్టిన వినోదరాయునిపాలెం 1872లో నెల్లూరు జిల్లాలోది. ప్రకాశం జిల్లా అన్న పేరు ఆ తర్వాత నూరేళ్లకు వచ్చింది.