తాండూరు బండల మీద గట్టిపడిన ఫెవిక్విక్ ఎట్లా పోతుంది?

కిరాయి ఇల్లు ఖాళీ చేస్తున్నామని, హాల్లో తాండూరు బండల మీద ఫెవిక్విక్ మరకలు, వంటింటి టైల్స్‌కు అంటించిన హుక్కులు, సన్‌మైకా టేబుల్ మీద గట్టిపడిన చుక్క ఉన్నాయని రాశారు. యాసిడ్ పోస్తే పోతాయా అని అడిగారు. నల్గొండలో మేమూ చాలా కిరాయి ఇళ్లు మారాం. పైగా ఇంట్లో ఇద్దరు పోరగాళ్లు, ఎప్పుడూ ఏదో ఒక స్కూల్ ప్రాజెక్టు. ఈ జిగురు వదిలించే పని నాకు బాగానే అలవాటైంది.

యాసిడ్ మాత్రం అస్సలు వద్దు. తాండూరు బండైనా, షాబాద్ బండైనా, కడప బండైనా సున్నపురాయే. మన దగ్గర వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఇలాంటి రాయి ఉండబట్టే. దాని మీద యాసిడ్ పడితే బుసబుసమని పొంగి బండ నునుపంతా తినేస్తుంది. జిగురు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నిమ్మరసం, వెనిగర్ చేసేదీ అదే పని, కాకపోతే కొంచెం నిదానంగా. ఓనర్ అడ్వాన్సులో కోసుకునేది జిగురు చుక్కకు కాదు, ఆ పాలిపోయిన మచ్చకు.

ఫెవిక్విక్‌కు విరుగుడు అసిటోన్. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండేది అదే, కానీ అన్నింటిలో ఉండదు. సీసా మీద ‘అసిటోన్ ఫ్రీ’ అని ఉంటే ఈ పనికి కొనకండి. చాలామంది రిమూవర్ పోసి, గుడ్డతో రెండుసార్లు రుద్ది, పోలేదని వదిలేస్తారు. అసిటోన్ నిమిషంలో ఆవిరైపోతుంది, జిగురు నానేదెప్పుడు? దూదిని బాగా తడిపి చుక్క మీద పెట్టి, పైన పాలిథిన్ కవర్ ముక్క కప్పి, దాని మీద స్టీల్ గ్లాసు బోర్లించండి. పావుగంట ఆగి చూస్తే అద్దంలా ఉన్న చుక్క అంచుల దగ్గర తెల్లబడి, గోరుతో నొక్కితే మెత్తగా తగులుతుంది. అప్పుడు పాత ఏటీఎం కార్డును పడుకోబెట్టి అంచు నుంచి లోపలికి నెట్టండి, పొరలుగా లేస్తుంది. మిగిలినదానికి మళ్లీ అదే. బండ గరుకుగా ఉండి జిగురు లోపలికి ఇంకితే ఎక్కువసార్లు పడుతుంది, అక్కడ ఓపిక తప్ప ఇంకో మందు లేదు. పాలిష్ పెట్టిన బండైతే ముందు తలుపు వెనక మూలలో కొంచెం రాసి చూసుకోండి, మెరుపు తగ్గొచ్చు.

అసిటోన్ పెట్రోల్‌లాగే అంటుకుంటుంది. వంటింట్లో చేసేటప్పుడు పొయ్యి, దేవుడి దీపం, అగరుబత్తి అన్నీ ఆర్పేసి, కిటికీలు తెరిచి పెట్టండి. ఇంకొకటి, ఫెవిక్విక్ ఇంకా తడిగా ఉండగా దూదితో, కాటన్ గుడ్డతో తుడవకండి. నూలు తగిలితే అది గబుక్కున వేడెక్కి పొగలు కూడా వస్తాయి, వేళ్లు కాలతాయి.

టైల్స్ మీది హుక్కులను పీకబోకండి, టైలు పెచ్చు ఊడుతుంది. అవి చాలావరకు రెండువైపులా జిగురున్న టేపుతో అతికించినవే. హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడిచేసి, గట్టి నైలాన్ దారాన్ని హుక్కు వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే తెగి వస్తుంది. మిగిలిన బంకకు కొబ్బరినూనె రాసి వదిలేసి, తర్వాత సబ్బుతో కడిగితే చాలు. టైల్స్ మీద బోరునీళ్లకు పేరుకున్న తెల్లటి పొర ఉంటే అది జిగురు కాదు. వెనిగర్ పనికొచ్చేది దానికే, అదీ బండల మీద కారకుండా.

సన్‌మైకాకు అసిటోన్ పనిచేస్తుంది కానీ నానబెట్టొద్దు. దూదితో అద్ది, తుడిచి, మళ్లీ అద్దండి. అంచుల దగ్గరికి మాత్రం పోనివ్వకండి, షీటును చెక్కకు పట్టి ఉంచిన జిగురు కూడా కరిగి మూల లేస్తుంది. టీవీ, మిక్సీ, ఫ్రిజ్ ట్రేల లాంటి గట్టి ప్లాస్టిక్ మీద అయితే అసిటోన్ చుక్క కూడా వేయకండి, ప్లాస్టిక్కే కరిగి మచ్చ పడుతుంది. అక్కడ గోరువెచ్చటి సబ్బునీళ్లు, కొంచెం నూనె, గోరు. అంతకన్నా ఏం చేసినా వస్తువే పాడవుతుంది. పాలిష్ పెట్టిన చెక్కకూ, రంగు వేసిన గోడకూ ఇదే వర్తిస్తుంది.

ఎం-సీల్, అరాల్డైట్ లాంటి రెండు ముద్దలు కలిపేవి గట్టిపడ్డాక అసిటోన్‌కు పెద్దగా లొంగవు. వాటికి వేడే మార్గం. డ్రయర్‌తో బాగా వేడిచేసి, మెత్తబడ్డప్పుడే బ్లేడును ఏటవాలుగా పెట్టి గీకాలి, చల్లారితే మళ్లీ రాయే. అద్దం మీద చేసేటప్పుడు వేడి నెమ్మదిగా పెంచండి, ఒక్కసారిగా వేడెక్కితే పగులుతుంది.

వేళ్లు అతుక్కుంటే లాగకండి. గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి, నూనె రాసి మెల్లగా దొర్లించినట్టు విడదీయండి. కంట్లో పడితే, రెప్పలు అతుక్కుంటే అసిటోన్ దగ్గరికి కూడా తేవద్దు, బలవంతంగా తెరవొద్దు. నీళ్లతో కడిగి, తడిగుడ్డ కప్పి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.