“మనవాళ్లు గెలిచారా నాన్నా?”

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. చిన్నప్పటి నుంచీ క్రికెట్ పిచ్చి. దాంతోపాటు ఒక నవలల సిరీస్, ఫోన్‌లో ఒక గేమ్, బాలుగారి పాటలు. నవల తర్వాతి భాగం ఏళ్లు గడిచినా రాలేదు, గేమ్ సర్వర్లు మూసేశారు, బాలుగారు వెళ్లిపోయారు. 2023 నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్ ఓడిన రాత్రి, టీవీకి అడ్డొచ్చిందని నాలుగేళ్ల పాపని గట్టిగా కసిరాను. ఇప్పటికీ మ్యాచ్ ఉన్న రోజు నేను ఇంటికి రాగానే గుమ్మం దగ్గరే ఆగి “మనవాళ్లు గెలిచారా నాన్నా?” అని అడిగాకే దగ్గరికొస్తుంది. ఈ పిచ్చి మానేయమంటోంది మా ఆవిడ. మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదు. కానీ మీ ఉత్తరం చదువుతూ నేనూ ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆరేళ్ల పిల్ల స్కోరు తెలుసుకుని, నాన్న దగ్గరికి వెళ్లొచ్చో లేదో తేల్చుకుంటోంది. మీ ఆవిడ బాధ కూడా ఇదేననుకుంటాను.

బాధలన్నీ ఒకే మూట కట్టేశారు, ముందు దాన్ని విప్పండి. బాలుగారు పోయిన 2020 సెప్టెంబర్ 25న నాకూ ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. ఏడుపొస్తే ఏడవండి, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ పాటే వినిపించండి. గేమ్‌తో పాటు మీరు పోగొట్టుకున్నది రాత్రిళ్లు కలిసి ఆడిన స్నేహితుల్ని. నంబర్లుంటే ఫోన్ చేయండి. నవల ఎప్పటికీ రాకపోవచ్చు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి ఇంకో పుస్తకం అందుకోండి.

ఆట సంగతి వేరు. మహిళల వరల్డ్ కప్ జరుగుతుండగా 2025 అక్టోబర్ 12న మధురవాడ స్టేడియంలో నేనూ ఉన్నాను. మూడు రోజుల ముందు అక్కడే దక్షిణాఫ్రికా చేతిలో ఓడిన మన అమ్మాయిలు ఆ రోజు ఆస్ట్రేలియా మీద 330 కొట్టారు. ఇంకో ఓవర్ ఉండగానే ఆస్ట్రేలియా వాళ్లు ఆ లక్ష్యం కొట్టేశారు. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతిపెద్ద ఛేదన. నా ముందు వరుసలో ఒకాయన కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నిద్రపోతున్న కూతుర్ని లేపకుండా భుజాన వేసుకున్నాడు. ఆ పిల్ల చెంప మీది మూడు రంగులూ ఆయన తెల్లచొక్కాకి అంటుకున్నాయి. చూసుకున్నాడు గానీ తుడుచుకోలేదు. 18 రోజుల తర్వాత సెమీస్‌లో మనవాళ్లు అదే ఆస్ట్రేలియా మీద 339 లక్ష్యం కొట్టి ఆ రికార్డు చెరిపేశారు, నవంబర్ 2న కప్పూ తెచ్చారు. ఆ రాత్రి మెట్లు దిగుతున్న ఆయనకి ఇవేవీ తెలియవు. అయినా పిల్లని అంత పదిలంగా మోసుకెళ్లాడు.

ఓడిన రోజు టీవీ కట్టేయండి. ఫోన్‌లో కామెంట్లు తిరగేస్తూ కూర్చోకండి, పుండు మీద కారం చల్లుకోవడమే అది. వీధి చివరిదాకా ఓ ఇరవై నిమిషాలు నడిచి రండి. పాప అడగకముందే మీరే “ఓడిపోయాం తల్లీ. బాధగా ఉంది. నీ మీద కోపం లేదు, రా” అనండి. మొదట్లో నమ్మదు, విసుక్కోకండి. 2023 నాటి రాత్రికి సారీ కూడా చెప్పండి. చిన్నపిల్ల, మర్చిపోయుంటుందిలే అనుకోవద్దు. మర్చిపోలేదు కాబట్టే గుమ్మం దగ్గర ఆగుతోంది.

మీరు రాయలేదు గానీ అడగాలి: పందేలేమైనా కాస్తున్నారా? కాస్తుంటే ఈరోజే మీ ఆవిడకి చెప్పండి. డబ్బు పోయిన టెన్షన్ కూడా ఓటమి బాధలాగే బయటికొస్తుంది. నిద్ర, తిండి రెండు వారాలకు పైగా దెబ్బతింటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మధురవాడలో ఈసారి మ్యాచ్ పడితే మూడు టికెట్లు తీసుకోండి. ఫలితం ఏదైనా మర్నాడు సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి మురీ మిక్చర్ కొనిపెడతానని పాపకి ముందే మాటివ్వండి.