హాలీ కార్బ్యురేటర్ విప్పబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "డెట్రాయిట్ దగ్గర ఎవరిదో షెడ్డులో వందేళ్ల నాటి ఫోర్డు కారు బాగుచేస్తోందట, గోళ్లన్నీ నల్లగా అయిపోయాయి, నీ మాటైతే వింటుంది, కాస్త చెప్పరా" అంది. ఫోటో నేనూ చూశాను. గోళ్ల సంగతి నాకు కనపడలేదు. నీ చేతిలో ఉన్నది పెట్రోలుని గాలిలో కలిపి ఇంజనుకిచ్చే హాలీ ఎన్‌హెచ్ కార్బ్యురేటర్. ఐటీఐలో నల్లబల్ల మీద బొమ్మ గీసి పిల్లలకు చెప్పడమే గానీ, నేనెప్పుడూ ముట్టుకోని వస్తువది. దాన్ని నా మేనకోడలు విప్పబోతోంది. మీ అత్తయ్యని లేపి మరీ చూపించాను.

తర్వాత ఫోటో కింద నువ్వు రాసింది చదివాను. "మిక్సింగ్ ఇంప్రూవ్ చేయబోతున్నాం" అట. మానిఫోల్డులో, అంటే ఆ మిశ్రమం సిలిండర్లకు పోయే గొట్టంలో, సన్నటి జల్లెడ పెడతావట. పెట్రోలుని కొలిచే సూది, అంటే నీడిల్, ఆనే సీటు రంధ్రం కాస్త పెద్దది చేస్తావట. బెర్తా బెంజ్ టోపీ పిన్నుతోనే కారు బాగుచేసుకుంది కదా, నా దగ్గర మంచి పనిముట్లే ఉన్నాయి అని ఒక జోకు కూడా. అదిగో, అక్కడ టెన్షన్ మొదలైంది నాకు.

ముందు ఆ పిన్ను సంగతి తేలుద్దాం. 1888 ఆగస్టులో జర్మనీలో, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్ల పైన నడిపింది, నిజమే. దారిలో వీస్లోక్‌లో మందుల షాపులో లిగ్రోయిన్ అనే పెట్రోలు లాంటి ద్రావకం కొని పోసుకుంది, అదీ నిజమే. అయితే పిన్నుతో ఆమె పొడిచింది ఇంధనం వచ్చే గొట్టంలో అడ్డుపడ్డ మడ్డిని. జెట్టును, అంటే పెట్రోలుని కొలిచి వదిలే సన్నటి రంధ్రాన్ని, కాదు. ఆ బండికి అసలు జెట్టే లేదు! కార్ల్ బెంజ్ వాడింది ఉపరితల కార్బ్యురేటర్. పాత్రలో ఇంధనం నిలవ ఉంటుంది, గాలి దాని మీదుగా పోతూ ఆవిరిని మోసుకుపోతుంది. అంతే. గొట్టంలో పిన్ను పెడితే గొట్టానికేం కాదు. లెక్కగట్టి చేసిన రంధ్రంలో పెడితే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

నిన్ను తిడుతున్నాను గానీ, నీ ఆలోచనలో తప్పు లేదు. నీకంటే ముందు చాలామంది మహానుభావులకు అదే నిద్రపట్టని సమస్య. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా కాలడానికి దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. తూకంలో చూస్తే ఒకటికి పదిహేను. ఇంత గాలిలో అంత కొంచెం పెట్రోలుని సమానంగా కలపాలి, అదీ సెకనులో ఎన్నో వంతు సమయంలో. బెంజ్ పాత్రలో ముందు తేలికైన భాగం ఆవిరైపోయేది, అడుగున బరువైనది మిగిలేది. రోడ్డు కుదుపుకి, ఎండకి, చలికి మిశ్రమం మారిపోయేది. ఇంగ్లండులో లాంచెస్టర్ వత్తులు పెట్టి, పెట్రోలు వాటిలోకి పాకి ఆవిరయ్యేలా చేశాడు. బాగానే పనిచేసింది. కానీ అదీ ఆవిరి మీద ఆధారపడిందే.

1893లో దారి మళ్లింది. ఫిబ్రవరిలో బుడాపెస్టులో బాంకీ, చోంకా అనే ఇద్దరు పెట్రోలుని సన్నటి తుంపరగా చిమ్మే కార్బ్యురేటర్‌కి పేటెంటు పెట్టారు. జర్మనీలో మైబాఖ్ అదే ఏడాది అదే పని చేశాడు. పూలమ్మే అమ్మాయి నోటితో నీళ్లు చిలకరిస్తుంటే చూసి బాంకీకి ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. కథే అనుకో. నేను మాత్రం క్లాసులో ప్రతి ఏడాదీ చెప్పేవాణ్ని. చివరి బెంచీ వాళ్లు కూడా తలెత్తేది అప్పుడొక్కసారే.

తుంపరతో ఇంకో చిక్కు వచ్చింది. ఇంజను జోరుగా పీల్చేకొద్దీ కార్బ్యురేటర్ లోపలి ఇరుకు గొంతు దగ్గర గాలి పల్చబడుతుంది. పెట్రోలు ద్రవం కదా, పల్చబడదు. కాబట్టి వేగం పెరిగేకొద్దీ పెట్రోలు పాలు ఎక్కువైపోతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు సరిపెడితే జోరులో నల్లపొగ, జోరుకు సరిపెడితే నెమ్మదిలో ఆగిపోతుంది. 1902లో ఫ్రాన్సులో పనార్ కంపెనీలో క్రెబ్స్, పీల్పు పెరిగితే తనంతట తానే తెరుచుకునే అదనపు గాలి దారి పెట్టాడు. జెనిత్ కార్బ్యురేటర్ చేసిన బావ్రే ఇంకా తెలివైనవాడు. ఒక జెట్టు వేగంతో పాటు ఎక్కువ ఇస్తుంది, రెండో జెట్టు వేగంతో సంబంధం లేకుండా నిమిషానికి ఇంత అని ఇస్తుంది. ఒకదాని దోషం ఇంకొకటి సరిచేస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు! ఇంగ్లండు స్కిన్నర్ అన్నదమ్ములది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. వాళ్ల ఎస్‌యు కార్బ్యురేటర్ మొదట్లో తోలు తిత్తితో పనిచేసేది. ఇంట్లో ఉన్న సరుకే వాడారన్నమాట.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నీ 1922 ఫోర్డు మోడల్ టిలో ఈ సర్దుబాటు చాలావరకు డ్రైవరు చేతికే వదిలేశారు. డాష్ మీద ఆ కడ్డీ ఉంది చూడు, అది ఆ నీడిల్ని తిప్పుతుంది, అదే నీ కాంపెన్సేటర్, అంటే సరిచేసేది. మూసేటప్పుడు బిగించి తిప్పకు, సీటు మీద గాడి పడుతుంది. మెల్లగా ఆనించి, అక్కడి నుంచి ఒకటి, ఒకటిన్నర చుట్లు తెరిచి స్టార్ట్ చెయ్యి. వేడెక్కాక ఇంజను తడబడేదాకా మూసి, మళ్లీ కొంచెం తెరువు. మీ దగ్గర పెట్రోల్లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, కాబట్టి పాత పుస్తకం చెప్పినదానికంటే కాస్త ఎక్కువ తెరవాల్సి వస్తుంది. ఇంతే, పెద్ద విద్యేం కాదు.

ఇక సీటు రంధ్రం పెద్దది చేసే సంగతి. దీని గురించి గట్టిగానే చెప్పాలి.

నేను పని నేర్చుకున్న షెడ్డులో మా మేస్త్రీ ఉండేవాడు. చెవి పెట్టి విని ఇంజను జబ్బు చెప్పేవాడు, అలాంటి మనిషి. ఒకరోజు ఒక అంబాసిడర్ టాక్సీ వచ్చింది, పికప్ లేదని. సోలెక్స్ కార్బ్యురేటర్ విప్పితే మెయిన్ జెట్టులో చెత్త. గాలి కొడితే పోయేదే. కరెంటు లేక కంప్రెసర్ నడవలేదు. టాక్సీ ఓనరు పక్కన నిలబడి తొందరపెడుతున్నాడు. మేస్త్రీ పాత క్లచ్ కేబుల్లోంచి ఒక పోగు పీకి జెట్టులో దూర్చి రెండుసార్లు ఇటూ అటూ లాగాడు. జెట్టు ఇత్తడిది, మెత్తన. ఆ పోగు ఉక్కు. బండి వెంటనే ఎగిరి దూకింది. ఓనరు సంతోషంగా వెళ్లాడు.

వారం తిరక్కుండా వచ్చాడు. నల్లపొగ, మైలేజీ పడిపోయింది. జెట్టు సైజు మారిందని మేస్త్రీకి తట్టలేదు. ఎలా తడుతుంది? కంటికి కనిపించే తేడా కాదు. పెట్రోలు ఎక్కువ వస్తోంది కదా అని గిన్నెలోకి పెట్రోలు రానిచ్చే నీడిల్ వాల్వు కింద ఇంకో వాషర్ వేసి ఫ్లోట్ లెవెల్, అంటే గిన్నెలో పెట్రోలు మట్టం, దించాడు. ఇప్పుడు జోరులో పొగ అలాగే ఉంది, యాక్సిలరేటర్ తొక్కగానే మాత్రం పెట్రోలు అందక బండి తుమ్మడం మొదలైంది. దాంతో ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు మార్చాడు. టైమింగ్ కదిలించాడు. ఒక తప్పును కప్పడానికి నాలుగు చోట్ల చెయ్యి పెట్టాక, ఏది అసలు తప్పో ఎవరికీ తెలియకుండా పోయింది.

చివరికి ఒక సాయంత్రం బండి అసలు స్టార్ట్ కాలేదు. ఎయిర్ క్లీనర్ తీసేసి, సీసాతో కార్బ్యురేటర్ నోట్లో కాస్త పెట్రోలు పోస్తూ, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. అప్పట్లో అందరూ చేసేదే. పెట్రోలు తక్కువైన పల్చటి మిశ్రమం నెమ్మదిగా కాలుతుందని నీకు తెలుసు. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే వేళకి కూడా లోపల మంట మిగిలి ఉంటే అది వెనక్కి, కార్బ్యురేటర్ నోట్లోంచి బయటికి కొడుతుంది. అలాగే కొట్టింది. సీసా అంటుకుంది. ఆయన దాన్ని విసిరేస్తే కింద ఉన్న వేస్టు గుడ్డలు అంటుకున్నాయి. మేము ఇసుక పోసి ఆర్పాం. బండి బతికింది. మేస్త్రీ కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. స్క్రూ మరను వేళ్లతో తడిమి చెప్పగలిగిన మనిషి, ఆ తర్వాత స్పానర్ పట్టుకోవడానికి కూడా ఎడమ చెయ్యి వాడేవాడు. కొత్త జెట్టు వేస్తే ఆ బండి అదే రోజు బాగైపోయింది. దాని ఖరీదు మేము ఆ పూట తాగిన టీలంత కూడా లేదు.

కాబట్టి రంధ్రంలో తీగ పెట్టొద్దు, డ్రిల్లు పెట్టొద్దు. క్లీనర్ ద్రవంలో నానబెట్టు, గాలి కొట్టు. సీటు అరిగిపోయి ఉంటే కొత్తది దొరుకుతుంది. మోడల్ టి విడిభాగాలు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఒకసారి ఒకటే మార్చు, మార్చింది రాసిపెట్టుకో.

గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టం నిలిపే ఫ్లోట్ కూడా చూడు. పాతదైతే బెండుతో చేసి పైన లక్క పూత పూసి ఉంటుంది. ఇథనాల్ ఆ పూతని కరిగించేస్తుంది. బెండు తడిసి బరువెక్కి మునుగుతుంది, పెట్రోలు పొంగి కారుతుంది. ఇప్పటి పెట్రోలుకి తట్టుకునే కొత్త ఫ్లోట్ వేసుకో. కారే పెట్రోలు, వెనక్కి కొట్టే మంట, ఈ రెండూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో నేను చూశాను. నీ బండికి ట్యాంకు సీటు కింద ఉంది. అంటే ఆ నిలవ మీద నువ్వు కూర్చుంటావు. బండి ఆగిన ప్రతిసారీ ట్యాంకు కింద ట్యాపు కట్టెయ్యి. కార్బ్యురేటర్ అంటుకుంటే కూడా మొదటి పని అదే, ట్యాపు. నీళ్లు పొయ్యొద్దు, పెట్రోలు నీళ్ల మీద తేలుతూ మంట పాకుతుంది. షెడ్డులో మంటలార్పే సిలిండర్ ఉందా? ఉంటే, ఏ ఏడాదిదో చూశావా?

ఇప్పుడు నీ జల్లెడ. చుక్కల్ని పగలగొట్టాలని నీ ఉద్దేశం. ఆ రోజుల్లో అలాంటివి రకరకాలుగా అమ్మారు. జల్లెడలు, తిరిగే రెక్కలు, అన్నీ మైలేజీ రెట్టింపని చెప్పి. జల్లెడ గాలిని కూడా అడ్డుకుంటుంది, అది చాలామంది చెప్పలేదు. చుక్కలు ఎందుకు మిగులుతున్నాయో ముందు చూడు. 1910ల్లో కార్లు పెరిగిపోయి తేలిక పెట్రోలు చాల్లేదు, బరువైన భాగాలు కలిపి అమ్మారు. అది చల్లటి మానిఫోల్డులో ఆవిరి కాక గోడలకు తడిగా అంటుకునేది. ఒక సిలిండరుకి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. కొంత పిస్టన్ రింగులు దాటి ఆయిల్లోకి దిగేది. మన పాత పంపు స్టవ్వు గుర్తుందా, బర్నరు కాగకముందు ఎర్రగా పొగ, కాగాక నీలంగా? ఇదీ అంతే. అందుకే ఫోర్డు ఎగ్జాస్ట్ దగ్గరి వేడి గాలిని కార్బ్యురేటర్‌కి తెచ్చే గొట్టం పెట్టాడు. నీ ఫోటోలో అది కనపడలేదు. చాలామంది తీసి పారేస్తారు. మూలల్లో వెతుకు, లేకపోతే కొను. మిషిగన్ చలిలో నీకు కావలసిన ఇంప్రూవ్‌మెంటు అదే. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కార్బ్యురేటర్‌నే చల్లబరుస్తుంది, తడి గాలిలో లోపల మంచు కూడా కట్టగలదు.

ఇంకా చెయ్యాలనిపిస్తే ఇంగ్లండు ఇంజనీరు హారీ రికార్డో గురించి చదువు. కలపడం కార్బ్యురేటర్ దగ్గర ఆగదు, సిలిండరు లోపల గాలి సుడి తిరిగితే మంట వేగంగా పాకుతుందని చూపించి, సిలిండరు పక్కన వాల్వులుండే సైడ్ వాల్వు ఇంజన్ల హెడ్డు, అంటే పై మూత, ఆకారమే మార్చేశాడు. నీదీ సైడ్ వాల్వే. అది వచ్చే ఏడాది సంగతి. ఈ ఏడాది హెడ్డు జోలికి వెళ్లకు.

చివరగా క్రాంకు, అంటే చేత్తో తిప్పి స్టార్ట్ చేసే కడ్డీ. ఈ బండికి సెల్ఫ్ లేదన్నావు. స్పార్క్ లీవరు పూర్తిగా పైకి, అంటే నిప్పురవ్వ ఆలస్యంగా పడే రిటార్డులో పెట్టాకే ముట్టుకో. ఎడమ చేత్తో, కిందనుంచి పైకి లాగు, ఎప్పుడూ కిందికి తొయ్యకు. బ్రొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకోకు. ఇంజను వెనక్కి తన్నితే చెయ్యి విరుగుతుంది, ఎందరికో విరిగింది. జుట్టు ముడివెయ్యి, చున్నీ గిన్నీ షెడ్డులోకి తేకు. నువ్వు మొదటిసారి తిప్పేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి.

నడిచాక నాలుగు ప్లగ్గులూ తీసి వరసగా పెట్టి ఫోటో పంపు. లేత గోధుమ రంగులో ఉంటే నేనేం మాట్లాడను. నల్లగా మసి ఉంటే కడ్డీ కాస్త మూయాలి, తెల్లగా ఉంటే తెరవాలి. ఏ సిలిండరుది ఏదో కింద రాయి, లేకపోతే ఉపయోగం లేదు. మీ దగ్గర పగలైనప్పుడు మాకు రాత్రి, పర్లేదు, చెయ్యి. మీ అత్తయ్య ఎలాగూ మేలుకునే ఉంటుంది.

మేస్త్రీ వేళ్ల సంగతి మీ అమ్మకి చెప్పకు. గోళ్లు నల్లబడటం మామూలేనని, సబ్బుతో పోతుందని చెప్పాను.

నీ మావయ్య