మీరడిగారు: బుధవారం రాత్రి పాటల లెక్క

ప్రశ్న: మా నాన్న కావలిలో బడిపంతులు. హిందీ ఒక్క ముక్క రాకపోయినా బుధవారం రాత్రి ఎనిమిదయ్యేసరికి రేడియో సిలోన్ పెట్టుకుని బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం వినేవారు. మన దేశపు పాటలు వినడానికి సిలోన్ దాకా, అంటే ఇప్పటి శ్రీలంక దాకా, పోవడమెందుకండీ? ఊరికే "జుమ్రీ తలైయా" అని కూడా అంటుండేవారు. అదేమిటి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే సైదాపురంలో మా మిద్దె గుర్తొచ్చింది. ఎండాకాలం సాయంత్రం మిద్దె మీద రెండు బిందెల నీళ్లు చల్లి, నులక మంచాలు వేసి, మధ్యలో స్టూలు మీద తోలు కవరు తొడిగిన ట్రాన్సిస్టర్ పెట్టేవాళ్లం. మా నాన్న బొటనవేలితో ఆ చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పుతుంటే కుయ్‌మని ఈల, గరగర, ఎవరిదో అర్థంకాని భాష, మళ్లీ ఈల, ఉన్నట్టుండి గీత్‌మాలా నడిపే అమీన్ సయానీ గొంతు. "కదలకండ్రా" అనేవాడు నాన్న, మేము కదిలితే స్టేషన్ జారిపోతుందన్నట్టు.

సిలోన్ ఎందుకంటే, మన రేడియోలో సినిమా పాటకు చోటు లేకుండా పోయింది గనక. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్‌కి సినిమా సంగీతమంటే గిట్టదు, దాంతో ఆకాశవాణిలో ఆ పాటలు వినపడ్డమే తగ్గిపోయింది. అటు సిలోన్‌లో రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం పెట్టిన గట్టి షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లున్నాయి. కేస్కర్ వచ్చిన 1952 డిసెంబరులోనే అక్కడ గీత్‌మాలా మొదలైంది. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబో వెళ్లేవి, అక్కడినుంచి పాట గాల్లో తిరిగి మన మిద్దె మీదికి వచ్చేది. షార్ట్‌వేవ్ తరంగం పైకి పోయి ఆకాశంలో ఎక్కడో ఉన్న పొరకు తగిలి కిందికి వస్తుంది, ఆ పొర నిలకడగా ఉండదు, అందుకే పాట అలలాగా దగ్గరికొచ్చి దూరమయ్యేది. మంచి చరణం దగ్గరే దూరమవుతుందని మా అక్క ఏడుపు. 1957 అక్టోబరు 3న వివిధ్ భారతి వచ్చాక సినిమా పాట మళ్లీ మన రేడియోలోకి వచ్చింది గానీ అప్పటికే అలవాటైన చెవులు సిలోన్‌ని వదల్లేదు. అక్కడ తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారి గొంతును మా అమ్మ ఇంట్లో మనిషి గొంతులాగే గుర్తుపట్టేది.

ఇక జుమ్రీ తలైయా. అది అప్పటి బీహారులో, ఇప్పటి జార్ఖండ్‌లో చిన్న ఊరు. అక్కడివాళ్లు పాటలు కోరుతూ ఎన్ని కార్డులు రాసేవాళ్లంటే రేడియో వినే ప్రతివాడికీ ఆ పేరు నోటికొచ్చేసింది. అది మైకా, అంటే అభ్రకం గనుల ఊరు. మా సైదాపురం కూడా మైకా ఊరే! మా పెరట్లో మట్టి తవ్వితే కాకి బంగారం తళుక్కుమనేది, గోటితో గీరితే ఉల్లిపొరలా లేచేది. పాత వాల్వు రేడియోలో గాజు బుడ్డి లోపల తీగల్ని కదలకుండా పట్టి ఉంచేది ఆ మైకా పలకే. రేడియో లోపలి సరుకు కూడా ఇలాంటి ఊళ్ల నేలలోంచి పోయినదేనని తెలిసిన రోజు నాకు ఒళ్లు పులకరించింది.

మీ నాన్నగారికి హిందీ రాకపోయినా ఎందుకు విన్నారంటారా? లెక్క కోసం. ఈ వారం ఏ పాట ఏ మెట్టు ఎక్కింది, ఏది జారింది అని. మెట్టునే సయానీ "పాయ్‌దాన్" అనేవాడు. దుకాణాల్లో రికార్డుల అమ్మకాలూ, ఊరూరా శ్రోతల సంఘాలు పంపే ఓట్లూ కలిపి ఆ లెక్క వేసేవాళ్లు. అంటే వినేవాళ్లకూ అందులో చెయ్యి ఉంది. మా నాన్న చనిపోయాక ఆయన ట్రంకు పెట్టెలో ఒక నోటుబుక్కు దొరికింది. వారం వారం తేదీ, ఎదురుగా పాటల వరస, కొన్నిచోట్ల పాట పేరు తెలుగు లిపిలో తప్పుల్తో. ఎక్కిన పాటకు ఎర్ర సిరాతో బాణం. సయానీ పోయిన రోజున, 2024 ఫిబ్రవరి 20న, ఆ పుస్తకం తీసి చాలాసేపు చూస్తూ కూచున్నాను.

ప్రశ్న: ఎండాకాలం వస్తే ఇప్పటికీ 1980ల పాటలే నోట్లో ఆడతాయి. ఇప్పటి పాటలు రెండు నెలలు కూడా నిలవవెందుకు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇప్పటి పాటలో దమ్ము లేదంటే నేనొప్పుకోను, మా మనవరాలు పాడేవాటిలో మంచివి చాలా ఉన్నాయి. తేడా వినడంలో ఉంది. అప్పుడు మే నెలలో ఒక పాట వచ్చిందంటే పెళ్లివాళ్ల మైకుసెట్టులో అదే, కనిగిరి బస్సులో డ్రైవరు పెట్టే క్యాసెట్టులో అదే, సోడా బండి దగ్గర రేడియోలో అదే. వద్దన్నా చెవిన పడేది, అదీ ఊరందరికీ ఒకే వారంలో. 1981లో మన నెల్లూరు బాలు హిందీలో పాడిన పాటలు వచ్చినప్పుడయితే వీధి వీధంతా "మనోడురా" అని రేడియో గొంతు పెంచింది. ఇప్పుడు ఇంట్లో నలుగురుంటే నలుగురి చెవుల్లో నాలుగు పాటలు. నలుగురూ కలిసి పాడుకోని పాట నోట్లో ఎన్నాళ్లుంటుంది?

ప్రశ్న: తాతగారి ట్రాన్సిస్టర్ అటక మీద దొరికింది. బాగుచేయించొచ్చా?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: తప్పకుండా. ముందు వెనక మూత తీసి చూడండి, పాత సెల్లులు కారి స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పేరుకుని ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌ను నిమ్మరసంలో ముంచి రుద్ది, తడిబట్టతో తుడిచి, బాగా ఆరనివ్వండి. తిప్పితే ముల్లు కదలకపోతే లోపలి దారం తెగి ఉంటుంది, అది చిన్న పనే. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటే దుమ్ము. మీడియం వేవ్ రాత్రిపూట పెట్టండి, పగటికంటే దూరం స్టేషన్లు అందుతాయి. వినడం అయ్యాక సెల్లులు తీసి పక్కన పెట్టడం మాత్రం మర్చిపోవద్దు.